కాటన్ దొరగారు – రాయీ, ఇనుమూ, మట్టీ మిగిల్చిన మాటలు

కోనసీమలో సర్ ఆర్థర్ కాటన్ దొరగారి పేరు వినని ఇల్లు ఉండదు. మే నెల 15వ తేదీ వచ్చిందంటే ఏ ఊరి గట్టు మీద చూసినా ఆయన విగ్రహానికి ఒక దండ కనిపిస్తుంది. గోదావరి స్నానం చేసేటప్పుడు ఆయనను తలుచుకునేందుకు పండితులు సంస్కృతంలో శ్లోకం కూడా కట్టుకున్నారంటే, ఒక పరదేశీయుణ్ణి ఈ నేల ఎంతగా సొంతం చేసుకుందో తెలుస్తుంది. ఆనకట్ట కథ చాలామంది చాలాసార్లు వ్రాసారు. అందుచేత మేము ఆ కథనే మళ్ళీ అప్పజెప్పకుండా ఆయన జీవితాన్ని కొంచెం పక్కదారిన చెప్పదలిచాం.

ఆయన పని ఏమిటి? రాతిపని, ఇనపపని, మట్టిపని. కొండ తవ్వాలి, రాయి పగలగొట్టాలి, సున్నం కాల్చాలి, ఇనుము సాగగొట్టాలి, ఇసుక కింద ఏముందో తెలుసుకోవాలి. ఇన్ని పనులకు ఎన్నో మాటలు కావాలి. ఇంగ్లండులో చదివిన ఇంజనీరు, రాతిపని చేసే వడ్డెరలు, మట్టిపని చేసే ఉప్పరులు, కమ్మరులు, పడవవాళ్ళు, ఖలాసీలు – వీళ్ళందరికీ ఉమ్మడిగా ఒక పని భాష తయారైతే తప్ప పునాది రాయి కూడా పడదు. ఆ భాషలో తెలుగుంది, తమిళముంది, ఇంగ్లీషుంది, పోర్చుగీసుంది. మన ఇళ్ళలో పెద్దవాళ్ళు మాట్లాడే ఉర్దూ ద్వారా వచ్చిన ఫార్సీ, అరబీ మాటలైతే లెక్కలేనన్ని. ఆ మాటల్లో కొన్ని ఇప్పటికీ మన నోట ఉన్నాయి, చాలా మాయమైపోతున్నాయి.

ఆర్థర్ థామస్ కాటన్ 1803 మే 15న ఇంగ్లండులో పుట్టారు. పదిమందికి పైగా అన్నదమ్ములున్న పెద్ద కుటుంబం. పదిహేనో ఏట ఈస్టిండియా కంపెనీవారి అడిస్కాంబ్ సైనిక పాఠశాలలో చేరి, 1819లో మద్రాసు ఇంజనీర్ల దళంలో ఉద్యోగం సంపాదించి, 1821లో మద్రాసు వచ్చారు. అప్పటికి పద్దెనిమిదేళ్ళ కుర్రవాడు. పాంబన్ జలసంధి సర్వే, చెరువుల మరమ్మతు శాఖలో పని, 1824లో మొదలైన బర్మా యుద్ధం – తొలి రోజులు ఇలా గడిచాయి.

ఇక్కడే ఒక మాట చెప్పుకోవాలి. మరమ్మతు అన్నది అరబీ నుంచి వచ్చిన మాట. చెరువులు, కాలవలు, రోడ్లు చూసే శాఖను మన జనం మరామత్తు శాఖ అనేవారు. కంపెనీ దొరల కచ్చేరీలకు నవాబుల కాలం నాటి మాటలే వాడుకలో ఉన్నాయి. నక్షా, నమూనా, హాజరు పట్టీ, రోజు కూలీ, కార్ఖానా – వీటిలో ఒక్కదానిని తెచ్చింది ఇంగ్లీషువాడు కాదు. గుత్తేదారు మాట చూడండి. గుత్త అన్నది తెలుగు, దానికి తోక ఫార్సీ. రెండూ కలిసి ఒకే మనిషి పేరైపోయింది. ఇంత చక్కని అతుకు ఏ కమ్మరి కొలిమిలోనూ పడదేమో!

కాటన్‌గారికి అసలైన చదువు కావేరి దగ్గర దొరికింది. కావేరి నుంచి విడిపోయే కొల్లిడం పాయ పల్లంలో ఉండటంచేత నీరంతా అటే జారిపోయి, తంజావూరు పొలాలకు నీరు తగ్గిపోతూ వచ్చింది. ఆ నీటిని నిలబెట్టడానికి ఆయన 1836లో కొల్లిడం మీద ఎగువ, దిగువ ఆనకట్టల పని మొదలుపెట్టారు. అయితే ఇసుకలో పునాది ఎలా నిలబడుతుంది? పాశ్చాత్య ఇంజనీర్లకు నది అడుగున గట్టి రాయి తగిలేదాకా తవ్వడం అలవాటు. కావేరిలో అంత లోతుకు పోవడం కుదరని పని. జవాబు అక్కడే ఎదురుగా ఉంది. కరికాల చోళుడు కట్టించాడని చెప్పుకునే కల్లణై వందల ఏళ్ళుగా ఇసుక మీదే నిలబడి ఉంది. పెద్ద పెద్ద రాళ్ళను ఇసుకలో వేస్తే అవి కొంత దూరం కుంగి, ఆపైన కుదురుకుని నిలబడతాయి. పైన మళ్ళీ రాళ్ళు వేసి కట్టుకుంటూ పోవచ్చు. ఈ ఉపాయాన్ని ఈ దేశపు పాతకాలం పనివారి దగ్గరనుంచే నేర్చుకున్నామని కాటన్‌గారు దాచకుండా ఒప్పుకున్నారు. ఆయనలో మాకు బాగా నచ్చిన గుణం ఇది. ఎందుకంటే ఆ రోజుల్లో అలా ఒప్పుకున్న దొరలు తక్కువ.

ఉపాయంతోపాటు మాట కూడా ఇంగ్లీషులోకి వెళ్ళింది. తమిళంలో అణైక్కట్టు, మనకు ఆనకట్ట. ఇంగ్లీషువాళ్ళు దాన్ని ఆనికట్ అని వ్రాసుకున్నారు, ఇంగ్లీషు నిఘంటువులకూ ఎక్కింది. మనం వాళ్ళ దగ్గర లాకు అనే మాట తీసుకుంటే వాళ్ళు మన దగ్గర ఆనకట్ట మాట తీసుకున్నారు. లెక్క సరిపోయిందనుకోవాలి.

మద్రాసు దగ్గర ఎర్రకొండల నుంచి రోడ్లకు రాయి తీసుకురావడానికి 1837లో పట్టాలు పరిచిన ప్రయత్నంలో కూడా కాటన్‌గారి చేయి ఉంది. మన దేశంలో మొట్టమొదటి రైలు పట్టాలుగా చెప్పుకునేవి ఇవే. ప్రయాణీకుల కోసం కాదు, రాయి కోసం. ఆ ఎర్రరాయికి ఇంగ్లీషులో లాటరైట్ అని పేరు. మలబారులో ఆ రాయిని ఇటుకల్లా కోసి ఇళ్ళు కట్టుకోవడం చూసి, బుకానన్ అనే వైద్యుడు 1807లో లాటిన్ భాషలో ఇటుక మాట తీసుకుని ఆ పేరు పెట్టాడు. పనివాడి అలవాటు నుంచి శాస్త్రం పేరు పుట్టడమంటే ఇదే.

ఆరోగ్యం చెడి కొంతకాలం సెలవు మీద టాస్మేనియా వెళ్ళి, 1841లో ఎలిజబెత్ లియర్‌మంత్‌ను వివాహమాడి, తిరిగివచ్చాక విశాఖపట్నంలో సముద్రపు కోతను ఆపే పని మీద ఉండగా, 1844లో గోదావరి డెల్టాను చూసి రావలసిందని ఆయనకు ఉత్తర్వు వచ్చింది.

అప్పటికి మన ప్రాంతం ఎలా ఉండేదో ఈనాటి కొబ్బరితోటలు చూసేవాళ్ళు ఊహించలేరు. 1832, 33 సంవత్సరాలలో వచ్చిన కరువు గుంటూరు సీమను తుడిచిపెట్టింది, గోదావరి సీమనూ వదలలేదు. 1839లో కోరంగిని ఉప్పెన ముంచింది. 1821లో సుమారు 7 లక్షల 38 వేలు ఉన్న రాజమండ్రి జిల్లా జనాభా 1841 నాటికి 5 లక్షల 61 వేలకు పడిపోయింది. అంటే ఇరవై ఏళ్ళలో నలుగురిలో ఒకరు లేకుండా పోయారన్నమాట. కొందరు చచ్చారు, కొందరు మూటా ముల్లె నెత్తిన పెట్టుకుని ఊరు వదిలి పోయారు. పక్కనే గోదారి. వరదొస్తే ఊళ్ళు మునగడం, వరద తీస్తే పంటలు ఎండడం. సముద్రానికి పోయే నీటిని చూస్తూ ఆకలితో చావడంకన్నా ఘోరం ఏముంటుంది?

కంపెనీవారికి కదలిక వచ్చింది జాలితో మాత్రమే కాదు. శిస్తు పడిపోయింది. ఆ సంగతి మరుగుపరచి కాటన్‌గారిని పొగడటం సరైన చరిత్ర కాదు. అయితే ఆయన మాత్రం శిస్తు లెక్కలను తన ఆయుధంగా వాడుకున్నారు. ఇంత ఖర్చుపెడితే ఇంత రాబడి అని చూపిస్తే తప్ప పైవాళ్ళు వినరని ఆయనకు బాగా తెలుసు. 1844, 1845లలో నివేదికలు పంపి, 1846 చివరకు అనుమతి సంపాదించారు. 1847లో పని మొదలైంది.

ఆయన డెల్టా అంతా తిరిగి చూసినప్పుడు నేలను అర్థం చేసుకోవడానికి కావలసిన మాటలు మన రైతుల దగ్గరే తయారుగా ఉన్నాయి. పాయ, లంక, మెరక, పల్లం, ఒండ్రుమట్టి, ఇసుక మేట, చౌడు, ఊబి, ఏటిగట్టు. ఇవి వట్టి పల్లెటూరి మాటలని తేలికగా తీసిపారేయవద్దు. భూగర్భశాస్త్రం చదివినవాళ్ళు పెద్ద పెద్ద పేర్లతో చెప్పే సంగతులే ఇవి. నది ఏటేటా తెచ్చి పోసే సన్నటి మట్టి ఒండ్రు. ప్రవాహం నెమ్మదించిన చోట పడే ఇసుక మేట. నీటి మధ్య పైకి తేలిన నేల లంక. నీరు నిండి, అడుగుపెడితే దిగిపోయే ఇసుక ఊబి. ఇంజనీర్ల ఇంగ్లీషు నివేదికల్లో లంక మాటను మార్చలేక లంకగానే ఉంచుకున్నారు. నల్లరేగడి సంగతీ అంతే. దాన్ని భూగర్భశాస్త్ర గ్రంథాలు రెగర్ అన్నాయి. దేశంలోని నల్లనేలలన్నిటికీ మన తెలుగు రేగడి మాటే శాస్త్రీయ నామమైంది. 1840ల్లో న్యూబోల్డ్ అనే సైనికాధికారి ఈ రెగర్ గురించి విస్తారంగా వ్రాసాడు. కంకర మాటను కూడా నేలలో దొరికే సున్నపు గడ్డలకు పేరుగా దొరలు తీసుకున్నారు.

తరవాత వచ్చిన శాస్త్రజ్ఞులు కూడా మన నేలను చూసే పేర్లు పెట్టారు. తూర్పు కనుమల్లో విరివిగా ఉండే ఒక రాతికి 1902లో వాకర్ అనే ఆయన ఖోండు గిరిజనుల పేరు మీద ఖోండలైట్ అని నామకరణం చేసాడు. రాజమండ్రి పరిసరాల్లోని నల్లరాయిని రాజమండ్రి ట్రాప్ అంటారు. దాదాపు ఆరున్నర కోట్ల సంవత్సరాల క్రితం లావా పారి గడ్డకట్టిన రాయి అది. ట్రాప్ అంటే స్వీడిష్ భాషలో మెట్లట. ఆ రాతి పొరలు కొండల మీద మెట్లు మెట్లుగా కనపడతాయని ఆ పేరు.

ధవళేశ్వరం దగ్గర గోదావరి ఒడ్డు నుంచి ఒడ్డుకు నాలుగు మైళ్ళ వెడల్పు. మధ్యలో లంకలు. అందుకని ఒకటే గోడగా కాకుండా ధవళేశ్వరం, ర్యాలి, మద్దూరు, విజ్జేశ్వరం అని నాలుగు భాగాలుగా ఆనకట్ట కట్టారు. లంకలను వదిలేసి లెక్కపెడితే కట్టడం పొడవు రెండుంబావు మైళ్ళు, అంటే ఈనాటి లెక్కలో సుమారు మూడున్నర కిలోమీటర్లు. ఎత్తు 12 అడుగులు.

అడుగున రాయి లేదు, అంతా ఇసుకే. కావేరి పాఠం ఇక్కడ పనికొచ్చింది. నది అడుగున వరసగా నూతులు దించి, వాటి లోపల కట్టుబడి నింపి, ఆ వరసల మీద గోడలు లేపారు. మన ఇళ్ళ దగ్గర బావికి ఒరలు దించుతాం కదా, లోపలి ఇసుక తోడుతుంటే ఒర తన బరువుకు తానే దిగుతుంది. అదే విద్య. ఎవరో విలాయతు నుంచి తెచ్చింది కాదు. గోడల మధ్య ఇసుక పోసి, మీద రాతికట్టుబడి పరిచి, దిగువవైపు నీరు దూకి కోత పెట్టకుండా పెద్ద పెద్ద విడిరాళ్ళతో పరుపు వేసారు. ఆ రాళ్ళు కొట్టుకుపోయినప్పుడల్లా మళ్ళీ వేస్తూ రావాలి. ఆనకట్ట కట్టడం ఒక ఎత్తు, ఏటేటా దానికి రాయి మేపడం ఇంకొక ఎత్తు.

ఈ రాయంతా ఒడ్డునున్న కొండల నుంచి తీసిందే. కొండ నుంచి రేవు దాకా పట్టాలు పరిచి బండ్లలో దింపి, అక్కణ్ణుంచి పడవల్లో నది మధ్యకు చేర్చారు. వేలమంది పనిచేసారు. వడ్డెరల చేతిలో ఉలి, సమ్మెట, గునపం, గసిక. ఉప్పరుల చేతిలో పార, తట్ట. కట్టుబడి దగ్గర తాపీ మేస్త్రీలు. మేస్త్రీ పోర్చుగీసువాళ్ళ మాట, గురువని అర్థం. రాయలసీమ వైపు వెళితే ఇదే పనివాణ్ణి బేల్దారు అంటారు. ఫార్సీలో బేల్ అంటే పార, పార పట్టినవాడు బేల్దారు.

రాయిని రాయితో కలిపేది గచ్చు. అదీ ఫార్సీ మాటే. సిమెంటు ఎరగని రోజులవి. సున్నపురాయిని గాని గుల్లను గాని బట్టీలో కాల్చి, ఆ సున్నంలో ఇసుకా, సుర్కీ కలిపి గానుగలో ఆడించేవారు. సుర్కీ అంటే ఇటుకల పొడి. ఫార్సీలో సుర్ఖ్ అంటే ఎరుపు. ఎర్రగా ఉంటుంది గనుక సుర్కీ. ఇటుక పొడి కలిపితే ఆ గచ్చు నీళ్ళలో కూడా గట్టిపడుతుంది. వట్టి సున్నమైతే నీటి అడుగున అలా బిగిసిపోదు. ఇంత పెద్ద రసాయన రహస్యాన్ని ఒక రంగు పేరుతో చెప్పేసారు మన పూర్వపు పనివాళ్ళు.

ఇనపపని లేకుండా ఇది ఏదీ సాగదు. రోజూ వందల ఉలులు మొద్దుబారతాయి, గునపాలు వంగుతాయి. కొలిమి, తిత్తి, దాగలి, పటకారు, సమ్మెట, ఆకురాయి – ఇవి మన కమ్మరి సొంత మాటలు. ఆకురాయి అన్నది ఎంత అందమైన పేరో గమనించండి. ఇనుముతో చేసిన పనిముట్టే అయినా, అరగదీసేది కనుక రాయి అన్నారు. వడ్రంగి దగ్గరకు వెళితే కోస్తాలో చిత్రిక, తెలంగాణంలో రందా. రందా ఫార్సీ. బెజ్జం వేసే బరమా కూడా అక్కణ్ణుంచి వచ్చిందే.

ఇనుము గురించి చెబుతున్నప్పుడు ఒక చిన్న పక్కమాట. ఉక్కు అనే మన మాట లోకమంతా తిరిగివచ్చింది. తెలుగు, కన్నడాలలోని ఉక్కు మాటే దొరల నోట వూట్జ్ అయిందని పండితులు చెబుతారు. 1795లో లండనులో పియర్సన్ అనే ఆయన ఆ ఉక్కు మీద పరీక్షలు చేసి రాయల్ సొసైటీకి వ్యాసం సమర్పించాడు. ఆ తరవాత ఫారడే అంతటివాడు దాని గుట్టు పట్టాలని ప్రయత్నం చేసాడు. నిజామాబాదు ప్రాంతపు కోనసముద్రంలో మూసల్లో ఉక్కు కాచేవారు. మన కోనసీమకు దానికీ పేరులో తప్ప చుట్టరికం లేదు లెండి. వోయిసీ అనే సర్వే శాఖ వైద్యుడు 1820 ప్రాంతంలో అక్కడికి వెళ్ళేటప్పటికి, ఇస్ఫహాను నుంచి వచ్చిన ఇరానీ వర్తకుడు దగ్గరుండి ఉక్కు కాయించి తీసుకువెళుతున్నాడు. తెలుగు కమ్మరికీ ఇరాను వర్తకుడికీ మధ్య బేరం ఏ భాషలో సాగిందో ఊహించుకోవలసిందే. మనకు దగ్గరలో సామర్లకోటలో కంపెనీ తోట చూస్తూ ఉండిన హైనే అనే ఆయన కూడా నూజివీడు వైపు రమణక్కపేటలో ఇనుము తీసే కొలుములు చూసి వ్రాసిపెట్టాడు. అంటే కాటన్‌గారు వచ్చేసరికి ఇక్కడి కమ్మరులు ఇనుముకు కొత్తవారు కారు.

ధవళేశ్వరంలో ఆయన నెలకొల్పిన కార్ఖానా తరవాత ఎన్నో ఏళ్ళు లాకుల తలుపులకూ, తూములకూ, పడవలకూ పుట్టిల్లయింది. అక్కడినుంచే ఫిట్టరు, టర్నరు, బోల్టు, నట్టు, రివెట్టు, వించి లాంటి మాటలు మన గోదావరి ఊళ్ళలోకి దిగాయి. మేకుకు మర చుట్టి ఉంటే మరమేకు అని మనవాళ్ళు తమ పేరు తాము పెట్టుకున్నారు. పేరు పెట్టడం ఎవరూ నేర్పక్కర్లేదు, పని చేతిలో ఉంటే మాట అదే పుడుతుంది.

ఎండలు, జ్వరాలు కాటన్‌గారిని వదల్లేదు. పని మొదలైన ఏడాదికే వడదెబ్బ తగిలి మంచం పట్టి, సెలవు మీద దేశం విడిచి వెళ్ళవలసి వచ్చింది. 1850లో తిరిగివచ్చారు. ఈ మధ్యకాలంలో పని నిలిచిపోకుండా నడిపించినవాడు ఓర్ అనే ఇంజనీరు. తరవాత బెజవాడ దగ్గర కృష్ణ ఆనకట్ట కట్టింది ఈయనే. కూలీలను కూడగట్టడంలో, వారికీ దొరలకూ మధ్య మాట నడపడంలో వీణెం వీరన్నగారు చేసిన సేవ కూడా మరువరానిది. ఆయనకు ప్రభుత్వం రాయ్ బహద్దూర్ బిరుదు ఇచ్చింది. వీళ్ళ పేర్లయినా కాయితాల మీద మిగిలాయి. రాయి మోసిన వేలమంది, మునిగిన పడవలో పోయినవాళ్ళు, జ్వరంతో కొండ కిందే కన్నుమూసినవాళ్ళు – వీళ్ళ పేర్లు ఏ రాతి మీదా లేవు. వాళ్ళ గుర్తుగా వాళ్ళ పనిమాటలు మాత్రమే మనకు చిక్కాయి.

1852కి ఆనకట్ట పూర్తయింది. ఖర్చు అంచనాలు దాటింది, పైవాళ్ళు నసిగారు. పంటలు చూసాక నోళ్ళు మూతపడ్డాయి.

మన కోనసీమకు అసలు వరం బొబ్బర్లంక దగ్గర మొదలయ్యే మధ్యడెల్టా కాలవ. అయితే వైనతేయ పాయ అవతలున్న నగరం లంకకు, అంటే ఈనాటి రాజోలు వైపు ఊళ్ళకు, నీరెలా చేరుతుంది? నది మీదుగా మరో నదిని నడిపించాలి. గన్నవరం దగ్గర 49 ఖానాలతో, ఒక్కొక్క ఖానా 40 అడుగుల వెడల్పుతో, హేగ్ అనే లెఫ్టినెంటు అక్విడక్టు కట్టించాడు. కింద వైనతేయ, పైన కాలవ. ఖానా కూడా ఫార్సీయే, గది అని అర్థం. వంతెనకున్న ఒక్కొక్క కమాను కంతను మనవాళ్ళు ఖానా అంటారు. నూట యాభై ఏళ్ళ సేవ తరవాత పక్కనే 2000లో కొత్త అక్విడక్టు కట్టి, ఆకలిగొన్నవారికి అన్నం పెట్టిన డొక్కా సీతమ్మగారి పేరు పెట్టారు. నీళ్ళు తెచ్చినవాడి పక్కన అన్నం పెట్టిన తల్లి. ఈ పేరు ఎంచుకున్నవాళ్ళను మెచ్చుకోవాలి.

లాకుల సంగతి మా పిల్లలకు చెబితే వింతగా చూస్తున్నారు. కాలవ ఒకచోట మెట్టు దిగినట్టు దిగుతుంది. పడవ ఆ మెట్టు దూకలేదు. అందుకని రెండు జతల తలుపుల మధ్య ఒక తొట్టి కట్టారు. కింది నుంచి వచ్చిన పడవను లోపలికి రానిచ్చి, కింది తలుపులు మూసి, ఎగువ నీరు వదిలితే తొట్టి నిండుతుంది, పడవ పైకి లేస్తుంది. పై తలుపులు తీస్తే సాగిపోతుంది. కొబ్బరికాయలు, ధాన్యం, సున్నం, పెళ్ళివారు అందరూ అలా ప్రయాణం చేసినవాళ్ళే. లొల్ల లాకుల దగ్గర ఆగి, భోంచేసి కదిలిన పడవల కథలు మా పెద్దవాళ్ళు కథలుకథలుగా చెప్పేవారు. ఆ తలుపులు తిప్పేవాడు లస్కరు. ఫార్సీలో లష్కర్ అంటే సైన్యం. పోర్చుగీసు ఓడల మీద ఆ మాట నావికుడికి పేరైంది. మన కాలవగట్టుకు వచ్చేసరికి తూము తలుపులు చూసే చిరుద్యోగి అయింది. ఖలాసీ కూడా అంతే. అరబీ ఖలాస్ నుంచి పుట్టి, రేవుల్లో సరుకు దించేవాడికీ సర్వే గొలుసు పట్టుకునేవాడికీ పేరైంది. ఒక సైన్యం మొత్తం అరిగి అరిగి మన కాలవగట్టు మీద ఒక్క మనిషిగా మిగిలిందన్నమాట!

కాటన్‌గారు 1860 ప్రాంతంలో ఉద్యోగం విరమించారు. 1861లో సర్ బిరుదు వచ్చింది. ఆయన తలపెట్టినవన్నీ జయించలేదు. దేశమంతటా నదులను కలిపి, పడవలు నడిచే కాలవలు తవ్వితే రైళ్ళకన్నా చవకగా సరుకు పోతుందని ఆయన వాదన. తుంగభద్ర మీద సుంకేసుల నుంచి కర్నూలు–కడప కాలవ ఈ నమ్మకంతోనే ఒక ప్రైవేటు కంపెనీ తవ్వించింది. రాబడి రాలేదు, 1882లో ప్రభుత్వం దాన్ని తీసుకోవలసి వచ్చింది. 1878లో పార్లమెంటు సంఘం ముందు, డెబ్బై అయిదేళ్ళ వయసులో, ఆయన గట్టి ప్రశ్నలనే ఎదుర్కొన్నారు. పట్టుదల ఎక్కువ, అంచనాల్లో జాగ్రత్త తక్కువ అని విమర్శించినవాళ్ళున్నారు. ఆ విమర్శలో కొంత నిజం ఉందనే మేము అనుకుంటున్నాం. కాని గోదావరి విషయంలో మాత్రం కాలం ఆయన పక్షానే తీర్పు చెప్పింది. వ్యవసాయం మీద ప్రయోగాలు చేసుకుంటూ, 1899 జులై 24న ఇంగ్లండులోని డార్కింగ్‌లో తన 96వ ఏట కన్నుమూసారు. ఆయన కుమార్తె లేడీ హోప్ మరుసటేడు ఆయన జీవితచరిత్ర ప్రచురించారు.

పాత ఆనకట్టను 1860ల్లో రెండడుగులు పెంచారు. తరవాత పైన ఇనప షట్టర్లు అమర్చారు. 1970లో మొదలై 1982లో పూర్తయిన కొత్త బ్యారేజీకి ఆయన పేరే పెట్టారు. నాలుగు భాగాలకూ కలిపి 175 ఉక్కు తలుపులు. 1986 ఆగస్టు వరదల్లో గట్లు తెగి మన ఊళ్ళు మునిగినప్పుడు బ్యారేజీ నిలిచింది.

ఇప్పుడు మన నేల కిందనుంచి కొత్త మాటలు వస్తున్నాయి. ఒండ్రు కింద వేల అడుగుల లోతున చమురు, గ్యాసు ఉన్నాయని తేలాక రిగ్గు, డ్రిల్లింగు, కేసింగు, వెల్ హెడ్డు అనే మాటలు పొలాల్లో దిగాయి. 1995 జనవరి 8న పాశర్లపూడి దగ్గర బావి పేలి రెండు నెలలకు పైగా మండింది. బ్లో ఔటు అనే మాట మన జనం నేర్చుకున్నది ఆ మంట వెలుగులోనే. 2014 జూన్ 27న నగరంలో గ్యాసు పైపు పేలి ఇరవై మంది దాకా ప్రాణాలు కోల్పోయారు. ఇళ్ళ పక్కనుంచి పోయే పైపులో ఏముందో, అది కారితే గుర్తు ఏమిటో తెలుగులో చెప్పే మాటలు వాళ్ళకు ఎవరూ ఇవ్వలేదు. గోదారి వరదకైతే మనకు ఎన్ని మాటలు! ఎర్రనీరు వచ్చిందన్నా, పోటు తగిలిందన్నా, గట్టు చెమర్చిందన్నా చిన్న పిల్లవాడు కూడా లేచి సామాను సర్దుకుంటాడు. గట్టు చెమర్చడం అంటే నీరు లోపలినుంచి ఊరుతోందని, తెగడానికి ముందు సూచన అని. ఆ ఒక్క మాట ఎన్ని ఊళ్ళను కాపాడిందో లెక్క లేదు. గ్యాసు పైపుకు అలాంటి మాట ఇంకా పుట్టలేదు.

మన సంఘ సభ్యుల కుటుంబాల్లో లాకుల దగ్గర, పడవల మీద, రాతి పనుల్లో, వర్కుషాపుల్లో పనిచేసిన పెద్దలుంటే వారి నోటినుంచి ఈ మాటలు విని, అర్థంతో సహా వ్రాసి పంపించండి. రిగ్గుల మీద పనిచేస్తున్న యువకులు కూడా తాము అక్కడ వాడే మాటలకు మన ఊరివాళ్ళకు తెలిసేలా అర్థాలు వ్రాసి పంపితే, వచ్చే సంచికలో రెండిటినీ పక్కపక్కన వేస్తాం.